మార్బుల్ ఇల్లు, మట్టి కాళ్లు

ఆదివారం పొద్దున నేల తుడవడానికి బకెట్లో మందు కలిపినప్పుడల్లా మా ఫ్లాట్ అంతా నిమ్మకాయ వాసన కొడుతుంది, నాకేమో నవ్వొస్తుంది. సీసా మీద పచ్చగా నిగనిగలాడే నిమ్మకాయ బొమ్మ ఉంటుంది గానీ లోపల నిమ్మరసం చుక్కయినా ఉండదు, ఉంటే నేల సంగతి గోవిందా అని మా ఇంట్లో పుట్టిన పిల్లలందరికీ తెలుసు. మేముండేది మోకిల దగ్గర కొత్తగా వచ్చిన లేఔట్‌లో. పొడుగు కర్రకు గుడ్డ తగిలించి, నడుం వంచకుండా, ఫోన్లో మాట్లాడుతూనే ఇల్లంతా తుడిచేస్తాను. మా అమ్మ వచ్చినప్పుడు సోఫాలో కూర్చుని ఆ కర్రను అదేపనిగా చూస్తుంది. "నేలను ముట్టకుండ తుడుసుడేంది బిడ్డా, అలుగదా అది?" అంటుంది. నేల అలుగుతుందని నమ్మే మనిషి కడుపున పుట్టి, నేలను అలిగించకుండా చూసుకోవడమే పనిగా ఉన్న ఇంట్లో పెరిగినదాన్ని నేను.

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు పోతుంటే రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది మా ఊరు. మా పాత ఇంట్లో మూడు రకాల నేలలుండేవి, మూడింటికీ మూడు రకాల మర్యాదలు జరిగేవి. వెనకాల వంటర్రది మట్టి నేల. శుక్రవారం తెల్లవారి అమ్మ దాన్ని ఊడ్చి, నీళ్లు చిలకరించి, ఎలుకలు తోడినచోట, పొయ్యి దగ్గర గుంటపడ్డచోట పుట్టమన్ను మెత్తి, అప్పుడే వేసిన ఆవు పెండలో ఎర్రమన్ను కలిపి, గొంతుకూర్చుని ఆ మూల నుంచి ఈ గుమ్మం దాకా వెనక్కి జరుగుతూ అలికేది. చెయ్యి అర్ధచంద్రంలా తిరిగిన గుర్తులు ఒకదాని పక్కన ఒకటి అచ్చు గుద్దినట్టు పడేవి. ముందు పచ్చివాసన గుప్పుమనేది, ఆరేకొద్దీ అది తొలివాన వాసనగా మారేది. ఆరేదాకా ఎవరూ తొక్కకూడదు. మంచం మీద నిద్రపోతున్న మేము లేచేసరికి చుట్టూ తడి అలుకు, దిగితే దెబ్బలు, దిగకపోతే బడికి ఆలస్యం. ఇంతలో ఏ కోడో ధీమాగా నడిచిపోయి కాలి గుర్తులు వేసేది, అమ్మ దాన్నీ, దాని వంశాన్నంతా ఎత్తి తిట్టేది. వానాకాలంలో అలుకు ఆరక చెమ్మచెమ్మగా ఉండేది, వేపాకు పొగ వేసేవాళ్లు. ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం ఆ నేల మీద ఒట్టి ఒంటితో పడుకుంటే ఫ్యాను గుర్తుకొచ్చేది కాదు.

నడిమింట్లో షాబాద్ బండలు. తాత కాలంలో తాండూరు నుంచి లారీలో వచ్చాయట. పాలిష్ లేని నీలపు బండలు, వాటి మీద ఏం పడ్డా తాగేసి ఊరుకునేవి. ఆవకాయ నూనె కారిన మరక, తమ్ముడు సిరాబుడ్డి తన్నిన మరక, పెళ్లిపీటల కింద పడ్డ సున్నం మరక, అన్నీ వాటిమీదే ఉండేవి. ఎవరూ వాటిని తప్పుగా చూసేవాళ్లు కాదు, ఫలానా ఏడు ఫలానా జరిగింది అని చెప్పుకోవడానికి పనికొచ్చేవి. దసరా ముందు ఆ బండలను కడగడం మాకు పండుగకంటే పెద్ద పండుగ. బిందెలతో నీళ్లు కొట్టి, కొబ్బరి పీచుతో రుద్ది, పొరకతో నీళ్లను తూములోకి తోస్తుంటే మేము వెనక నుంచి పరిగెత్తుకొచ్చి జారేవాళ్లం. ఆఖరుసారి తుడిచే నీళ్లలో అమ్మ కాస్త గ్యాస్ నూనె, అదే కిరోసిన్, కలిపేది, చీమలు రావని, బండకు మెరుపొస్తుందని. మెరుపు సంగతేమో గానీ రెండురోజులు అన్నం కూడా ఆ వాసనే వచ్చేది. బండల సందుల్లో మా అచ్చనగాయలు, చింతగింజలు, తెగిన గాజుముక్కలు పడిపోయి ఇక దొరికేవి కావు.

ఇక ముందు వసారాది ఎర్ర గచ్చు. నాన్నను మేం బాపు అనేవాళ్లం, బాపు ఇలాకా అది. చిన్న బీట పడితే సిమెంటులో ఎర్ర రంగు కలిపి తనే పూసేవాడు, పండుగ నాడు గుడ్డకు కొబ్బరినూనె అద్ది తనే రుద్దేవాడు. సర్పంచ్ ఎలక్షన్లప్పుడు ఊళ్లో సగం రాజకీయం ఆ గచ్చు మీదే నడిచేది. బీడీముక్కలు, చాయ్ గ్లాసుల గుండ్రటి మరకలు, చెప్పుల మన్ను. వచ్చినవాళ్లు లేచి వెళ్లాక ఒక్క బకెట్ నీళ్లు కొడితే గచ్చు మళ్లీ ఎర్రగా నవ్వేది.

ఆ ఇంట్లోకి రావడానికి ఎవరికీ ఆలోచన అక్కర్లేదు. మా పొలంలో బంతి తోట, టమాట, కూరగాయలు. అక్కడ పనికి వచ్చే యాదమ్మ సాయంత్రం మోకాళ్ల దాకా ఎర్రమన్నుతోనే నడిమింట్లోకి వచ్చి, గోడకు ఆనుకుని కాళ్లు బార్లా చాపి కూర్చునేది. ఆమే, అమ్మా ఒకే ఏడు ఆ ఊరికి కోడళ్లుగా వచ్చారు. కులాలు వేరైనా ఒకరినొకరు "వదినె" అనుకునేవాళ్లు, నేను యాదమ్మత్త అనేదాన్ని. ఇద్దరూ చాయ్ తాగుతూ ఊళ్లో వాళ్లందరి లెక్కలూ తేల్చేవాళ్లు. ఆమె లేచి వెళ్లాక గోడ పక్కన రెండు మడమల ఎర్ర గుర్తులుండేవి, అమ్మ వాటిని పొద్దునే తుడిచేది, అంతవరకూ వదిలేసేది.

ఇక బతుకమ్మ వచ్చిందంటే మా వాడకట్టు ఆడవాళ్లందరూ మా నడిమింట్లోనే చేరేవాళ్లు. తంగేడు, బంతి, గుమ్మడి పూలు గంపలకొద్దీ కుమ్మరించి, గునుగు పూలను గిన్నెల్లోని రంగుల్లో ముంచి ఆరబెట్టి, పళ్లెంలో ఆకు పరిచి వరస మీద వరస పేరుస్తూ, అన్నీ అయ్యాక పసుపు ముద్దతో గౌరమ్మను చేసి శిఖరాన పెట్టేవాళ్లు. పాట ఎవరు ఎత్తుకున్నా యాదమ్మత్తే ముగించాలి, ఆమె గొంతు అంత పెద్దది. పక్కనే వంటర్రలో నైవేద్యానికి కలిపే అన్నాలు, సద్దులు. పెరుగు సద్ది, నువ్వుల సద్ది, చింతపండు పులుపు పోసిన సద్ది, మధ్యలో రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద. గునుగు రంగులు బండల మీద దీపావళి దాకా ఉండేవి, మా పాదాలకూ అంటేవి, బడిలో అందరికీ తెలిసిపోయేది మేం ఏ ఇంటి పిల్లలమో.

నేను ఆరో తరగతికి వచ్చేసరికి మా రోడ్డు మారిపోయింది. గచ్చిబౌలి వైపు అద్దాల బిల్డింగులు లేస్తున్నాయని, కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లకు నెల తిరిగేసరికి చేతినిండా జీతాలని చెప్పుకునేవాళ్లు. శని ఆదివారాలు కార్లు వచ్చి ఆగి, అద్దం దించి, ఈ పొలం ఎవరిదని అడిగేవి. అజీజ్‌నగర్‌లో జొన్న చేల చుట్టూ కాంపౌండ్ గోడలు లేచి, గోడల వెనక ఫాంహౌసులు లేచాయి. మా ఊరివాళ్లు కొందరు వాటికి వాచ్‌మన్లయ్యారు, కొందరు తోటమాలులయ్యారు. అట్లాంటి ఒక ఫాంహౌస్ గృహప్రవేశానికి బంతిపూలు మా తోట నుంచే వెళ్లాయి. పూలు దించడానికి పోయిన బాపును ఆ ఇంటాయన మర్యాదగా లోపలికి పిలిచాడట. గేటు దగ్గరున్న వాచ్‌మన్ మా ఊరి మనిషే, నల్లా చూపించి కాళ్లు కడుక్కోమన్నాడట. కడుక్కుని, తువ్వాలతో తుడుచుకుని, బాపు మొదటిసారి మార్బుల్ మీద అడుగు పెట్టాడు. వారం రోజులు అదే మాట. "పాల మీద నడ్సినట్టున్నదే. మన మొఖం మనకు కనవడ్తది."

ఆ ఏడే రోడ్డు పక్క ముక్క ఒకటి అమ్మి, పాతిల్లు విప్పించి, అదే జాగాలో స్లాబు ఇల్లు కట్టించాడు. షాబాద్ బండలు ఊడదీసి పశువుల కొట్టంలో పరిపించాడు, అంటే మా నడిమిల్లు బర్రెల పాలైంది. కొత్తింట్లోకి మాత్రం తెల్ల మార్బుల్ దిగింది. రాజస్థాన్ నుంచి వచ్చిన పనివాళ్లు రోజుల తరబడి మిషన్ తిప్పుతుంటే తెల్లటి గుజ్జు వాకిట్లోంచి మోరీలోకి పాలలాగా పారేది, ఊరి పిల్లలంతా అందులో కాళ్లు ముంచి తెల్ల సాక్సులు వేసుకున్నామని తిరిగేవాళ్లు. ఆఖరు పాలిష్ అయిన రోజు బాపు హాలు మధ్యలో వంగి తన ముఖం చూసుకుని మీసం సర్దుకున్నాడు. దీన్నెట్లా చూసుకోవాలని అమ్మ అడిగితే, మెత్తటి గుడ్డ, ఉత్త నీళ్లు అని ఆ పనివాళ్లు సైగలతో చెప్పి వెళ్లిపోయారు.

మాది ఎర్ర నేల. వానపడితే కాళ్లకు పట్టుకుని వదలని నేల. అట్లాంటి ఊళ్లో పాలలాంటి ఇల్లు కట్టుకోవడమంటే ఏమిటో నెల తిరగకుండానే తెలిసొచ్చింది. అమ్మ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, దీపాలు పెట్టేముందు ఒకసారి తడిగుడ్డతో పోఛా పెట్టేది. గుమ్మంలో ఒక గోనెసంచి, దాని ముందు ఇంకో గోనెసంచి, నల్లా దగ్గర చెంబు. బాపు ఎవరినీ ఏమీ అనేవాడు కాదు. కానీ మనిషి లోపలికి వస్తుంటే ముందు వాళ్ల కాళ్ల వైపు చూసేవాడు. ఆ చూపు చాలు. ఎలక్షన్ల ముచ్చట్లు చాయ్ దుకాణం ముందుకు పోయాయి. వచ్చినవాళ్లు వాకిట్లోనే నిలబడి పని చెప్పి వెళ్లిపోయేవాళ్లు. బాపు కూడా పొలం నుంచి వచ్చి, కాళ్లు రుద్ది రుద్ది కడుక్కుని, అంత పెద్ద హాల్లో ఒక్కడే కుర్చీలో కూర్చుని టీవీ చూసేవాడు.

యాదమ్మత్త గడప బయటే ఆగిపోయింది. అమ్మ ఎంత పిలిచినా "వద్దు వదినె, ఈడ్నె మంచిగున్నది, గాలి కొడ్తున్నది" అనేది. చాయ్ బయటికే పోయేది. కొన్నాళ్లకు ఆమె మెట్ల దాకా కూడా రావడం మానేసింది, పని కాగానే కొట్టంలోకి పోయేది. అమ్మ కూడా రెండు గ్లాసులు పట్టుకుని అక్కడికే పోయేది. ఇద్దరూ బర్రెల పక్కన, మా పాత బండల మీద కూర్చుని మాట్లాడుకునేవాళ్లు. నేను చూస్తుండగానే అమ్మ ఒకరోజు పోఛా గుడ్డ బకెట్లో విసిరికొట్టి, "ఇల్లు కట్టినమా, దవాఖాన కట్టినమా? మనిషి వాసన లేదు" అని ఏడ్చింది. అమ్మ అంత గట్టిగా ఏడవడం అదే మొదటిసారి చూడటం. నాకు చాలా భయమేసింది.

ఆ భయమంతా రాబోయే బతుకమ్మ మీదికి తిరిగింది. వాడకట్టు ఆడవాళ్లు ఈసారి వేరే ఇంట్లో పేర్చుకుంటామని మాట్లాడుకుంటున్నారని తెలిసింది. ఒక్క ఏడు పండుగ వేరే ఇంటికి పోతే మళ్లీ తిరిగి రాదని అమ్మకు తెలుసు. యాదమ్మత్త కూడా ఇక రాదని తెలుసు. అన్నం వడ్డిస్తూ బాపుతో ఒక్కటే మాట అంది.

"బతుకమ్మ మనింట్లనే పేర్సాలె."

బాపు చాలాసేపు అన్నం కలిపాడు. "బరకం పర్సుకోండ్రి. రంగులు లోపలికి తేవద్దు. నీళ్ల సుక్క కింద పడొద్దు" అన్నాడు.

పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, వడ్లు ఆరబోసే బరకం హాల్లో పరిచి, దాని అంచుల మీద ఇటుకలు పెట్టారు. ఆడవాళ్లు నల్లా దగ్గర వరస కట్టి కాళ్లు కడుక్కుని, బొటనవేళ్ల మీద నడిచి వచ్చి, కాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. గునుగు పూలకు రంగు లేదు. ఒక్కొక్క పువ్వూ ఒళ్లో పెట్టుకుని, రాలకుండా చూసుకుంటూ పేరుస్తున్నారు. ఎవరూ పాట ఎత్తుకోలేదు. పరీక్ష రాస్తున్న బడిలా ఉంది మా హాలు. అమ్మ తల ఎత్తి చూస్తే యాదమ్మత్త గుమ్మం బయట, తలలో పూలు పెట్టుకుని, కొత్త చీర కట్టుకుని నిలబడి ఉంది.

"పండుగ నాడు గూడ గిట్ల బయటనే ఉంటవా?" అని అమ్మ లేచి వెళ్లి చెయ్యి పట్టుకుని లాగింది. ఆమె వద్దు వద్దంటూనే గోనెసంచి మీద కాళ్లు తుడిచి తుడిచి లోపలికి వచ్చింది. మార్బుల్ ఎంత నున్నగా ఉంటుందో ఆమెకు తెలియదు. రెండో అడుగులోనే జారి, పడబోయి నిలదొక్కుకుంది గానీ, గౌరమ్మ కోసం కలిపిపెట్టిన పసుపు గిన్నె ఆమె కాలు తగిలి బరకం అవతలికి పోయి బోర్లా పడింది. తెల్లటి బండ మీద చేటంత మేర పసుపు.

"నేను రానంటె ఇనకపోతివి వదినె" అంటూ యాదమ్మత్త వెనక్కి తిరిగింది. అమ్మ బండ వైపు చూడనేలేదు. "నువ్వు కూసో. ఒక్క అడుగు బయట వెట్టినా నా మీద ఒట్టు" అంది. అప్పుడు కూర్చుంది అమ్మ, మరక ముందు.

ముందు తడిగుడ్డతో ఎత్తింది, ముద్ద పోయింది గానీ పసుపు పోలేదు. సబ్బుపొడి వేసి రుద్దింది. అంతే, పసుపల్లా ఎర్రగా తిరిగింది, పారాణి పెట్టినట్టు. ఒకామె అమ్మో అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. అమ్మ అటూ ఇటూ చూసి, వంటింట్లోకి పరిగెత్తి, సద్దికోసం నానబెట్టిన చింతపండు గిన్నె ఎత్తుకొచ్చింది. పండుగకు ఇత్తడి బిందెలు తోమిన చెయ్యి అది, పులుపు తగిలితే ఏదైనా కొత్తదానిలా మెరవాలి. పిసికి పిసికి రుద్దుతుంటే నిజంగానే ఎరుపు పోయింది, పసుపు తేలింది, ఆ పసుపూ నీళ్లలో కలిసిపోయింది. తుడిచేసరికి బండ తెల్లగా తడితడిగా మెరుస్తోంది. ఆడవాళ్లందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని నవ్వింది.

తడి ఆరింది. మరక పోయిన చోట మెరుపు కూడా పోయింది. చుట్టూ అద్దంలాంటి బండ, మధ్యలో సుద్దలాగా మాసిన చోటు. చేత్తో తడిమితే గరుకుగా తగిలింది. అమ్మ దాని మీద మళ్లీ మళ్లీ చెయ్యి పెట్టి చూసింది, ఈసారి నవ్వలేదు.

అదే సమయానికి బాపు తోట నుంచి బంతిపూల గంపతో వచ్చాడు. గంప వాకిట్లో దించి, గుమ్మంలో నిలబడి, అందరి ముఖాలూ చూసి, తర్వాత నేల చూశాడు.

"ఏం పోసినవే?"

"చింతపండు. ఇత్తడి మెరుస్తది గదా, బండెందుకు మెరువదనుకున్న."

"నా కాలే తాకింది అన్నా. ఆమెననకు," అంది యాదమ్మత్త, లేచి నిలబడి.

బాపు ముఖం ఎర్రబడింది. ఆ బండ కోసం ఆయన ఎంత తిరిగాడో మాకందరికీ తెలుసు. గిరుక్కున తిరిగి బయటికి వెళ్లిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే పళ్లేలు సర్దుకోసాగారు. పండుగ మా ఇంట్లోంచి వెళ్లిపోతున్నట్టే అనిపించింది.

బాపు తిరిగొచ్చాడు. పూల గంప నెత్తిన ఉంది. నల్లా దగ్గర ఆగలేదు, గోనెసంచుల మీద కాళ్లు తుడవలేదు, చీలమండల దాకా తోట మన్నుతో, అడుగడుగునా ఎర్రటి అచ్చులు వేసుకుంటూ హాలు మధ్యకు నడిచొచ్చి, నీళ్లు కారుతున్న పూలను ఒట్టి మార్బుల్ మీద కుప్పగా పోశాడు.

"ఇగ జూస్తరేంది? పూలు వాడుతున్నయ్. తియ్యుండ్రి గా బరకం. రంగులేవి?"

ముందు యాదమ్మత్త నవ్వింది. ఆ నవ్వు అంటుకుని హాలంతా నవ్వింది. ఎవరో రంగు గిన్నెలు తెచ్చారు, ఎవరో బరకం చుట్టి అవతల పడేశారు, ముడుచుకున్న కాళ్లన్నీ బారుగా చాపుకున్నారు. యాదమ్మత్త పాట ఎత్తుకుంటే స్లాబు ఇల్లు గనక పాతింటికి రెండింతలు మోగింది. బాపు అక్కడే గోడ వారగా, ఎన్నో నెలల తర్వాత, నేల మీద చతికిలబడి కూర్చున్నాడు. ఆ రోజు ఎందుకట్లా చేశావని పెద్దయ్యాక అడిగితే, "ఒక మచ్చ వడెదాంక భయం బిడ్డా. వడ్డంక ఇంకేముంటది? నాగ్గూడ కాళ్లు కడ్గి కడ్గి యాష్టొచ్చింది" అన్నాడు.

తర్వాత మా ఇంట్లో మార్బుల్‌కు కూడా షాబాద్ బండల మర్యాదే జరిగింది. పొద్దున ఒక్కసారి మెత్తటి గుడ్డతో ఉత్త నీళ్లు, అంతకంటే సేవ లేదు. పులుపు మాత్రం దాని దరిదాపులకు రానిచ్చేది కాదు అమ్మ, నిమ్మకాయ కోసినా వంటింట్లోనే, కింద ఒక పళ్లెం పెట్టుకుని. మాసిన చోటు పక్కన గునుగు రంగులు చేరాయి, తమ్ముడి సైకిల్ నూనె చేరింది, ఎలక్షన్ చాయ్ గ్లాసులు చేరాయి.

ఇప్పుడు పోయి చూస్తే మా ఊళ్లో చాలా లేవు. అలికే నేల ఏ ఇంట్లోనూ లేదు, పిడకలు కూడా పండుగలకు ఫోన్లో తెప్పించుకుంటున్నారు. తంగేడు చెట్లున్న గట్ల మీద విల్లాలున్నాయి, పూలు చేవెళ్ల అవతల నుంచి ఆటోలో వస్తాయి. ఎర్ర గచ్చు రుద్దే బాపు లేడు. కానీ సద్దుల నాడు మా హాలు మాత్రం నిండుతుంది. వాడకట్టు వాళ్లతో పాటు కొత్త లేఔట్ల కోడళ్లు కూడా వస్తారు, చెప్పులు విడిచి గుమ్మంలో ఒక్క క్షణం నిలబడతారు, తెల్ల నేల చూసి సందేహిస్తారు. ముసలిదై, మోకాళ్లు వంగని యాదమ్మత్త హాలు మధ్య నుంచే కేకేస్తుంది, "ఎట్లనో గట్ల రాండ్రమ్మా, ఏంగాదు." వాళ్లు లోపలికి వచ్చేస్తారు. మా చిన్నప్పటివి పోయాయని తలచుకుని బాధపడని రోజు నాకు లేదు గానీ, పోయినా మా ఇంట్లో ఒక్కరు కూడా అయ్యో అనని ఒకే ఒక్కటుంది, బాపు మీసం సర్దుకున్న ఆ మెరుపు.